చిన్న గుణాత్మక ఫీల్డ్‌వర్క్: ప్రశ్న నుంచి రిపోర్టు దాకా ఏది ముందు, ఏది వెనక

ఈ గైడ్ ఒక సెమిస్టరులో ఒక్కరే చేసుకునే గుణాత్మక అధ్యయనం కోసం, అంటే అంకెలతో కాకుండా మనుషుల మాటలతో, పరిశీలనలతో నడిచేది. 8 నుంచి 12 ఇంటర్వ్యూలు, నాలుగైదు పరిశీలనలు, ముప్పై నలభై పేజీల రిపోర్టు. ఇంతకు మించితే ఒక్కరి చేతిలో ఇమడదు.

ఇలాంటి అధ్యయనం ఫీల్డ్‌లో చెడడం తక్కువ. వెళ్లకముందు తేల్చుకోవాల్సింది తేల్చుకోకపోవడం వల్లో, తిరిగొచ్చిన రోజు రాత్రి రాయాల్సింది రాయకపోవడం వల్లో చెడుతుంది. అందుకే ఇంటర్వ్యూకి ముందూ వెనకా చేయాల్సిన పనులకే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాం.

మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉదాహరణ వాడాం: రాత్రి షిఫ్టు చేసే సెక్యూరిటీ గార్డుల మీద అధ్యయనం. అందులోని నోట్సు, సంభాషణలు పద్ధతి చూపించడానికి కల్పించినవి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలోకి దించండి

"సెక్యూరిటీ గార్డుల జీవితం" అనేది విషయమే గాని ప్రశ్న కాదు. ప్రశ్నలో ఎవరు, ఎలాంటి చోట, ఏ పని లేదా ఏ అనుభవం అనే మూడూ కనిపించాలి. ఈ మూడు రూపాలు పోల్చి చూడండి:

- "గార్డుల సమస్యలు ఏమిటి?" సమస్యలే ఉన్నాయని ముందే తీర్పు చెప్పేశారు.
- "రాత్రి డ్యూటీ ఆరోగ్యాన్ని ఎంత దెబ్బతీస్తోంది?" 'ఎంత' అన్నాక కొలవాలి. పదిమందితో మాట్లాడితే కొలత రాదు.
- "12 గంటల రాత్రి డ్యూటీ చేసే గార్డులు నిద్రను ఎలా నెట్టుకొస్తారు?" ఇది పనికొస్తుంది.

ప్రశ్నలో 'ఎంత', 'ఎంతమంది', 'ప్రభావం' లాంటి మాటలు కనబడితే అనుమానించండి. 'ఎలా' అని మొదలయ్యే ప్రశ్నలు చిన్న అధ్యయనానికి బాగా ఒదుగుతాయి.

ప్రశ్న కుదిరాక ఒక అరపేజీ రాసి పక్కన పెట్టండి: ఈ విషయం మీద ఇప్పటికే మీరు నమ్ముతున్నది ఏమిటి, ఎలాంటి జవాబు వస్తే ఆశ్చర్యపోతారు. ఏ జవాబూ ఆశ్చర్యపరచదు అనిపిస్తే జవాబు పట్టుకునే ఫీల్డ్‌కి వెళ్తున్నట్టు లెక్క. ఈ అరపేజీ మళ్లీ విశ్లేషణ దగ్గర అవసరమవుతుంది, పారేయకండి.

2. ఎవరితో, ఎంతమందితో

గుణాత్మక అధ్యయనంలో మనుషుల్ని లాటరీ తీసినట్టు తీయరు. ప్రశ్నకి పనికొచ్చే తేడాలు చూసి ఎంచుకుంటారు. దీన్ని పర్పసివ్ శాంప్లింగ్ అంటారు. ముందు తేడాలు రాసుకోండి, మనుషుల్ని తర్వాత వెతకండి. మన ఉదాహరణలో మూడు తేడాలు చాలు: ఏడాది లోపు అనుభవం ఉన్నవాళ్లు, ఐదేళ్లు దాటినవాళ్లు; ఒంటరిగా చేసేవాళ్లు, జంటగా చేసేవాళ్లు; కెమెరా నిఘా ఉన్న చోటు, లేని చోటు. ఈ ఆరింటిలో ఒక్కోదాని కింద కనీసం ఇద్దరు పడేలా చూసుకోండి, ఒకే మనిషి మూడింటి కిందకీ రావచ్చు.

పది సరిపోతాయా అని అందరూ అడుగుతారు. 2006లో గెస్ట్, బన్స్, జాన్సన్ అనే పరిశోధకులు 60 ఇంటర్వ్యూలను ఆరేసి చొప్పున విశ్లేషించుకుంటూ వెళ్లారు. కోడ్‌లలో (ఒక్కో మాటలోని సంగతికి పెట్టుకునే చిన్న పేర్లలో) చాలా భాగం మొదటి 12 ఇంటర్వ్యూలలోనే వచ్చేశాయి. కానీ వాళ్లు మాట్లాడింది ఒకే రకం మనుషులతో, దాదాపు ఒకే ప్రశ్నల మీద. మీ గుంపులో తేడాలు పెరిగేకొద్దీ ఈ లెక్క చెల్లదు. కాబట్టి మీ గైడ్ (మీ పరిశోధనకు దారి చూపే అధ్యాపకులు) "పదే ఎందుకు?" అని అడిగితే పేపరు పేరు చెప్పి తప్పించుకోకండి. మీ ప్రశ్న ఎంత ఇరుకైనదో, మీ గుంపు ఎంత ఒకేలాంటిదో చెప్పండి.

ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకునే స్నోబాల్ పద్ధతి సులువు. అందులోనే మోసం ఉంది: అందరూ ఒకే స్నేహబృందంలోంచి వస్తారు, ఒకే మాట చెప్తారు, మీకేమో అది 'అందరి అభిప్రాయం' అనిపిస్తుంది. విరుగుడు: ఒకరికొకరు సంబంధం లేని మూడు చోట్ల నుంచి మొదలుపెట్టండి. ఒక్కో గొలుసు నుంచి ముగ్గురికి మించి తీసుకోకండి. కాదన్నవాళ్ల సంఖ్య కూడా రాసి పెట్టుకోండి, రిపోర్టులో అది చెప్పాలి.

3. గంటల లెక్క ముందే వేయండి

ఇంటర్వ్యూలు తీసుకోవడానికి పట్టే టైమే లెక్కలోకి తీసుకుని చాలామంది మునుగుతారు. అసలు లెక్క ఇది:

- 10 ఇంటర్వ్యూలు, ఒక్కోటి 45 నిమిషాలు: ఏడున్నర గంటల ఆడియో.
- గంట ఆడియో అక్షరాల్లోకి ఎక్కించడానికి (దీన్నే ట్రాన్‌స్క్రిప్షన్ అంటారు) 4 నుంచి 6 గంటలు. 5 వేసుకున్నా దాదాపు 38 గంటలు. రోజుకి మూడు గంటల చొప్పున 13 రోజులు.
- రెండేసి గంటల పరిశీలనలు ఐదు: 10 గంటలు. వాటి నోట్సు విడమరిచి రాయడానికి ఇంకో 10 నుంచి 20 గంటలు.
- మొదటి విడత కోడింగ్ (మాటలకు కోడ్‌లు పెట్టడం): ఒక్కో ఇంటర్వ్యూకి 2 నుంచి 3 గంటలు.

14 వారాల సెమిస్టరు అయితే 1, 2 వారాలు ప్రశ్నకి, చదువుకి. 3లో ఎథిక్స్ కమిటీకి (మనుషుల మీద అధ్యయనాలకు అనుమతి ఇచ్చే కమిటీకి) దరఖాస్తు. 4, 5 వారాలు అనుమతి కోసం చూస్తూ ప్రశ్నల సాధన. 6 నుంచి 9 ఫీల్డ్. ట్రాన్‌స్క్రిప్షన్ 6లోనే మొదలై 10కి అయిపోవాలి. 8 నుంచి 11 కోడింగ్. 12 నుంచి 14 రాత. ఈ పనులు ఒకదాని మీద ఒకటి పడేలా ఉండడం కావాలనే. ఇంటర్వ్యూలన్నీ అయ్యాకే విశ్లేషణ మొదలుపెడితే, మూడో ఇంటర్వ్యూలో దొరికిన కొత్త సంగతి గురించి నాలుగో మనిషిని అడిగే అవకాశం పోతుంది.

4. అనుమతి, సమ్మతి

ఎథిక్స్ కమిటీ అనుమతి వెనక తేదీతో దొరకదు. అనుమతికి ముందు సేకరించినదాన్ని సాధారణంగా వాడుకోనివ్వరు. దరఖాస్తు రాసేటప్పుడు పరిశోధనలో పాల్గొనే మనుషుల రక్షణ గురించి 1979లో అమెరికాలో వచ్చిన బెల్మాంట్ నివేదికలోని మూడు సూత్రాలను ప్రశ్నలుగా మార్చుకుంటే పని తేలికవుతుంది. మనిషికి 'వద్దు' అనే వీలు నిజంగా ఉందా? మేలు కన్నా హాని ఎక్కువ కాకుండా ఏం చేశాను? భారం ఒకరిమీద, ఫలితం ఇంకొకరికి పోవడం లేదు కదా?

మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. సూపర్‌వైజర్ సరే అన్నాడు కాబట్టి గార్డు కూడా సరే అన్నట్టే అనుకుంటారు. సూపర్‌వైజర్ ఇచ్చేది ఆ చోటికి వెళ్లే అనుమతి, అంతే. గార్డు సమ్మతి విడిగా, సూపర్‌వైజర్ లేనప్పుడు అడగాలి. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో సూపర్‌వైజర్‌కి తెలియకూడదు. ఆయన "వీళ్లతో మాట్లాడండి" అని జాబితా ఇస్తే మర్యాదగా తీసుకోండి, అందులోంచే ఎంచుకోవాల్సిన పనిలేదు.

సమ్మతి పత్రం ఒక పేజీ దాటకూడదు. వాడుక మాటల్లో ఇవి ఉండాలి:

☐ మీరెవరు, ఎక్కడ చదువుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు
☐ ఎంతసేపు పడుతుంది, ఏ విషయాలు అడుగుతారు
☐ రికార్డింగ్‌కి విడిగా అవును/కాదు (మాట్లాడతాను, రికార్డు వద్దు అనే హక్కు వాళ్లకుంది)
☐ ఆ మాటలు ఎవరు వింటారు, ఎప్పుడు చెరిపేస్తారు
☐ నచ్చని ప్రశ్న వదిలేయొచ్చు, మధ్యలో లేచిపోవచ్చు
☐ చెప్పింది వెనక్కి తీసుకోవడానికి ఆఖరి తేదీ
☐ ఫిర్యాదు ఉంటే మీకు కాకుండా ఎవరికి చెప్పాలి

ఆఖరి తేదీ చాలామంది వదిలేస్తారు. విశ్లేషణలో కలిసిపోయాక ఒకరి మాటల్ని విడదీయలేం కాబట్టి ఇంటర్వ్యూ అయిన రెండు వారాల దాకా అని స్పష్టంగా పెట్టండి. చదవలేనివాళ్లకు పత్రం మొత్తం చదివి వినిపించి, నోటి సమ్మతిని రికార్డు చేయండి. మైనర్లయితే పెద్దల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుదల కూడా కావాలి. మొదటి అధ్యయనానికి మైనర్లను ఎంచుకోకపోవడమే మేలు.

ఇంకొకటి. ఎవరికైనా ప్రమాదం ఉందని ఇంటర్వ్యూలో బయటపడితే ఏం చేయాలో గైడ్‌తో ముందే మాట్లాడి ఉంచుకోండి. "మీరు చెప్పేది ఏ పరిస్థితుల్లోనూ బయటికి పోదు" అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేని సందర్భం రావచ్చు.

5. ప్రశ్నల గైడ్ తయారుచేయడం

ఇది సర్వే ఫారం కాదు, వరసగా చదువుకుంటూ పోకూడదు. ఒక పేజీలో 6 నుంచి 8 ప్రధాన ప్రశ్నలు, ఒక్కోదాని కింద రెండు మూడు కొసరు ప్రశ్నలు. పరిశోధన ప్రశ్నను యథాతథంగా అడగకండి. దానికి జవాబు వెతకాల్సింది మీరు, ఇంటర్వ్యూ ఇచ్చే ఆయన కాదు.

మొదటి ప్రశ్న ఒకే ఒక్క రోజు చుట్టూ తిప్పండి: "నిన్న రాత్రి డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఏమేం జరిగిందో వరసగా చెప్పండి." 'మామూలుగా ఏం చేస్తారు' అంటే రూలు పుస్తకం వినిపిస్తుంది. 'నిన్న' అంటే జరిగింది వస్తుంది.

సవరణలు కొన్ని:

- "నిద్ర ఆపుకోవడం కష్టంగా ఉంటుందా?" జవాబు మీరే చెప్పేశారు. బదులుగా: "నిన్న తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య ఎలా గడిచింది?"
- "జీతం, సెలవులు ఎలా ఉన్నాయి?" రెండు ప్రశ్నలు ఒకదాంట్లో. ఆయన తేలికైనదానికే జవాబు చెప్తారు. విడగొట్టండి.
- "ఎందుకు కూర్చున్నారు?" సంజాయిషీ అడిగినట్టుంటుంది. బదులుగా: "అక్కడ కూర్చోవడం ఎలా అలవాటైంది?"
- "పని ఒత్తిడిని ఎలా ఎదుర్కొంటారు?" 'పని ఒత్తిడి' మీ సిలబస్ మాట. ఆయన దానికి ఏ మాట వాడతారో విని, ఆ మాటతోనే అడగండి.

ఇద్దరు స్నేహితులతో ఈ ప్రశ్నల గైడ్ సాధన చేయండి, అది డేటా కింద రాదు. 45 నిమిషాల్లో సగం ప్రశ్నలే అయితే సగం ప్రశ్నలు కొట్టేయండి. మాట్లాడే వేగం పెంచడం దానికి పరిష్కారం కాదు.

6. సంచిలో ఉండాల్సినవి

☐ రికార్డర్, దానికి తోడు ఫోను (ఎప్పుడూ రెండూ ఆన్‌లో)
☐ పూర్తి చార్జింగ్, పవర్ బ్యాంకు, కనీసం 1 జీబీ ఖాళీ
☐ జేబులో పట్టే నోటు పుస్తకం, రెండు పెన్నులు
☐ సమ్మతి పత్రాలు ఒక్కొక్కరికి రెండు (ఒకటి వాళ్లకు)
☐ ప్రశ్నల గైడ్, గుర్తింపు కార్డు
☐ మీరెక్కడున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో తెలిసిన ఒక మనిషి

చివరిది సంచిలో పట్టదు గాని అన్నిటికన్నా ముఖ్యం. రాత్రిపూట పరిశీలనైతే ఫలానా టైముకి మీ ఫోను రాకపోతే వాళ్లే చేయాలి అని ఒప్పందం పెట్టుకోండి.

ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే కాల్ వచ్చినప్పుడు రికార్డింగ్ ఆగిపోవచ్చు. క్లౌడ్‌లోకి తనంతట తానే ఎక్కించే సెట్టింగు కూడా ముందే ఆపేయండి. మాటలకు 128 కేబీపీఎస్ ఎం.పి.3 చాలు, గంటకి 60 ఎంబీ లోపే అవుతుంది. సీడీ నాణ్యత వేవ్ ఫార్మాట్‌లో గంటకి 600 ఎంబీ దాటుతుంది.

7. ముందు చూడండి, తర్వాత అడగండి

రెండు పరిశీలనలైనా ఇంటర్వ్యూలకి ముందు అయిపోవాలి. చూసినవాళ్లు అడిగే ప్రశ్నకీ, చూడనివాళ్లు అడిగే ప్రశ్నకీ చాలా తేడా ఉంటుంది.

అక్కడికక్కడ పొడి మాటలే రాసుకోండి. ఎదుటివాళ్ల ముఖం మీదే పుస్తకం తెరిచి రాస్తే వాళ్లు నటించడం మొదలుపెడతారు. పక్కకి వెళ్లి రాయండి. పొడి మాటలు ఇలా ఉంటాయి:

> 11.40 కుర్చీ గోడకి. ఫోను ఛాతీ జేబు. 12.05 లేచాడు – గేటు – తాళం – మళ్లీ కూర్చున్నాడు. మోగలేదు?

చాలామంది దీన్ని ఇంటికొచ్చి ఇలా రాస్తారు: "గార్డు బాగా అలసిపోయి, డ్యూటీ పట్ల నిర్లక్ష్యంగా ఉన్నాడు." రెండు తీర్పులు ఉన్నాయి, ఒక్క దృశ్యం లేదు. నెల తర్వాత దీంతో ఏమీ చేయలేరు. రాయాల్సింది ఇలా:

> 11.40కి కుర్చీని గేటు వైపు నుంచి గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అలా కూర్చుంటే పైనున్న కెమెరాకి వీపు కనిపిస్తుంది, ముఖం కనిపించదు. ఫోను ప్యాంటు జేబులోంచి తీసి ఛాతీ జేబులో పెట్టాడు. 12.05కి ఒక్కసారిగా లేచాడు. నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. గేటు దాకా వెళ్లి తాళాన్ని ఒకసారి లాగి చూసి, తిరిగొచ్చి అదే దిక్కుకి కూర్చున్నాడు.
>
> [నా ఊహ] ఫోను వణికిందేమో. తనని తాను లేపుకునే ఏర్పాటా? కెమెరాకి వీపు చూపించడం కావాలనేనా?
>
> [నేను] చలిగా ఉంది, నాకే నిద్ర వచ్చింది. 11.15 నుంచి 11.30 మధ్య సరిగ్గా చూడలేదు.
>
> [చేయాలి] ఫోను ఎక్కడ పెట్టుకుంటారో ఇంటర్వ్యూలో అడగాలి.

చూసింది, అనుకున్నది, తనకి జరిగింది, చేయాల్సింది విడివిడిగా ఉన్నాయి. ఎప్పుడు చూడలేదో కూడా రాసి ఉంది. విన్న మాటలకీ ఒక పద్ధతి పెట్టుకోండి: అక్షరాలా గుర్తున్న మాటకి జంట కోట్లు, దాదాపుగా గుర్తున్నదానికి ఒంటి కోట్లు, సారాంశానికి ఏమీ వద్దు. రిపోర్టులోకి జంట కోట్లలో ఉన్నవే ఎక్కాలి.

8. ఇంటర్వ్యూ

చోటు: ఆయన పైఅధికారికి కనిపించే, వినిపించే చోటు కాకూడదు. ఫ్యాను కింద, రోడ్డు పక్కన రికార్డింగ్ పాడవుతుంది. ముందు 30 సెకన్లు రికార్డు చేసి విని చూడండి. మొదట్లో కోడ్ సంఖ్య (పేరుకి బదులు పెట్టుకున్న ఇం-03 లాంటిది), తేదీ చెప్పండి, మనిషి పేరు చెప్పకండి.

మొదటి ఐదు నిమిషాలు అసలు విషయం జోలికి పోవద్దు. ఆ తర్వాత మీ పని వినడం. మీ మాటలు మొత్తంలో ఐదో వంతు దాటితే ఎక్కువ మాట్లాడుతున్నట్టే. మొదటి ఇంటర్వ్యూ విన్నాక ఈ సంగతి ఎవరికి వారికే తెలుస్తుంది, సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఆయన మాట ఆపగానే తర్వాతి ప్రశ్నలోకి దూకకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. చాలాసార్లు ఆ మౌనంలోనే అసలు మాట వస్తుంది. రాకపోతే ఆయన చివరి మాటనే తిరిగి అనండి:

> – డ్యూటీలో ఫోను ఎక్కడ పెట్టుకుంటారు?
> – ఇదిగో, ఇక్కడే. పై జేబులో.
> – పై జేబులో...
> – (విరామం) గుండెకి తగిలితేనే మెలకువొచ్చుద్ది బాబూ. సౌండు పెడితే పైవాళ్లకి వినపడుద్ది.
> – వినపడితే?
> – ఏముంది, అడుగుతారు. మనకెందుకు లెండి అవన్నీ.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. "అడుగుతారు" అన్నారు, ఎవరు? తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది. వింటున్నప్పుడు మీకు అర్థమైనట్టే ఉంటుంది. రాసుకున్నాక చూస్తే సూపర్‌వైజరా, ఆ భవనంలో ఉండేవాళ్లా, తోటి గార్డా తేలదు. వెంటనే "ఎవరండీ అడిగేది?" అనాలి. రెండోది, "మాకెందుకు" అనకుండా "మనకెందుకు" అన్నారు. మిమ్మల్ని తన వైపు కలుపుకున్నారా, లేక మాట అక్కడితో ఆపేయమని సున్నితంగా చెప్పారా? అది నోట్సులోకి ఎక్కాలి. ఆపేయమన్నట్టు అనిపిస్తే ఆపేయండి, వేరే దారిలో తర్వాత రావచ్చు.

మనిషి కలత పడితే రికార్డింగ్ ఆపి, "కాసేపు ఆగుదామా, ఇక్కడితో చాలిద్దామా?" అని అడగండి. ఓదార్పు మాటలతో కొనసాగించకండి.

చివరి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "నేను అడగనిది, మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?" రికార్డర్ ఆపాక మొదలయ్యే కబుర్లలో మంచి సరుకు వస్తుంది. వాడుకోవాలంటే "ఈ మాట రాసుకోనా?" అని అడగండి. వద్దంటే అది డేటా కాదు.

9. ఆ రాత్రి చేయాల్సిన పని

రోజుకి ఒక ఇంటర్వ్యూ, మహా అయితే రెండు. అంతకు మించి పెట్టుకుంటే ఈ అంచె ఎగిరిపోతుంది. నిద్రపోయేలోపు, వీలైతే ఆ రోజు జరిగింది ఇంకెవరితోనూ చెప్పుకోకముందే ఇవి పూర్తిచేయండి. ఒకసారి కథలా చెప్పేశాక, రాసేటప్పుడు జరిగింది కాకుండా చెప్పింది గుర్తొస్తుంది.

☐ పొడి నోట్సు విడమరిచి రాయడం
☐ ఇంటర్వ్యూ మీద ఒక పేజీ: ఎక్కడ, మధ్యలో ఎవరు వచ్చారు, ఎక్కడ గొంతు మారింది, ఏ ప్రశ్న పారలేదు
☐ తర్వాతి మనిషిని కొత్తగా అడగాల్సినవి రెండు
☐ ఆడియో కంప్యూటర్‌లోకి ఎక్కించి, విని చూసి, ఇంకో చోట నకలు పెట్టి, ఆ తర్వాతే ఫోనులోంచి తీసేయడం
☐ ఫైలుకి పేరు: ఇం-03, తేదీ. మనిషి పేరు వద్దు

పేర్లు, కోడ్ సంఖ్యలు కలిపిన జాబితా ఒక్కటే ఉండాలి. అది ట్రాన్‌స్క్రిప్టులున్న ఫోల్డరులో ఉండకూడదు, పాస్‌వర్డుతో విడిగా ఉండాలి. ఫైళ్లకి తాళం వేసే వెరాక్రిప్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి చాలు.

10. ట్రాన్‌స్క్రిప్షన్

మొదటి రెండైనా చేత్తో చేయండి. మీ ప్రశ్నల లోపాలు అప్పుడే వినబడతాయి. ఆటోమేటిక్ టూల్ వాడదలిస్తే ఆడియో ఎవరి సర్వరుకి వెళ్తుందో చూసుకోండి. సమ్మతి పత్రంలో ఆ మాట లేకపోతే వాడకూడదు. వాడినా ఆడియో పెట్టుకుని మొత్తం ఒకసారి సరిచూడాల్సిందే. యాసలో ఉన్న మాటల్ని ఆ టూల్స్ గ్రాంథికానికి దగ్గరగా 'సరిదిద్దుతాయి', ఒక్కోసారి 'లేదు' అన్నది జారిపోతుంది.

యాసను అలాగే ఉంచండి. [నవ్వు], [విరామం], [వినపడలేదు 12:40] లాంటి గుర్తులు మొదటి నుంచి ఒకేలా వాడండి.

రిపోర్టు వేరే భాషలో ఉన్నా కోడింగ్ మాత్రం మాట్లాడిన భాషలోనే చేయండి. రిపోర్టులోకి ఎక్కే మాటల్నే అనువదించండి. ముందే అంతా అనువదిస్తే 'మనం', 'మేం' రెండూ ఒకే మాటగా మారిపోతాయి. పైన చూసినట్టు, ఒక్కోసారి విషయమంతా ఆ తేడాలోనే ఉంటుంది.

11. కోడింగ్ నుంచి థీమ్ దాకా

మొదటి మూడు ట్రాన్‌స్క్రిప్టులు ఒక్కోటి రెండుసార్లు చదివి, తర్వాత వాక్యం వాక్యం కోడ్ చేయండి. కోడ్ పేరు ఒక పనిలా ఉండాలి:

- "గుండెకి తగిలితేనే మెలకువొచ్చుద్ది": *అలారాన్ని ఒంటికి కట్టుకోవడం*
- "సౌండు పెడితే పైవాళ్లకి వినపడుద్ది": *అలారాన్ని దాచడం*
- "రౌండుకొచ్చే టైముకి నిలబడే ఉంటా": *తనిఖీకి ముందే లేచి ఉండడం*

మూడింటికీ 'నిద్ర' అని ఒకే కోడ్ పెట్టి ఉంటే ఇక్కడే బండి ఆగిపోయేది. అరవై డెబ్బై కోడ్‌లు వచ్చాక కలపడం మొదలుపెట్టి పదిహేను ఇరవైకి తెండి. ప్రతి కోడ్‌కీ ఒక వాక్యం నిర్వచనం, ఏది చేరుతుంది, ఏది చేరదు, ఒక ఉదాహరణ రాసి పెట్టుకోండి. పది రోజుల తర్వాత ఒక ట్రాన్‌స్క్రిప్టును పాత కోడ్‌లు చూడకుండా మళ్లీ కోడ్ చేసి పోల్చండి. తేడా వచ్చిన చోట నిర్వచనం బలహీనంగా ఉందని అర్థం.

పది ఇంటర్వ్యూలకి స్ప్రెడ్‌షీట్ చాలు: కోడ్ సంఖ్య, వరస సంఖ్య, మాట, కోడ్, నా గమనిక. ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలంటే టాగెట్, క్వాల్‌కోడర్ ఉన్నాయి. ఎన్‌వివో, మాక్స్‌క్యూడీఏ బాగుంటాయి గాని, వాటిని నేర్చుకునే రెండు వారాలు మీ క్యాలెండరులో లేవు.

ఇక థీమ్. 'నిద్ర', 'నిఘా' అనేవి శీర్షికలు. థీమ్ అంటే మీరు నిలబడి వాదించగల వాక్యం: "గార్డులకు మెలకువగా ఉండడం ఒక పని, మెలకువగా కనిపించడం ఇంకో పని. రెండోదానికే ఎక్కువ ఏర్పాట్లు చేసుకుంటారు." థీమాటిక్ విశ్లేషణ పద్ధతిని 2006లో ఆరు దశలుగా వివరించిన బ్రౌన్, క్లార్క్‌లు "థీమ్‌లు వాటంతటవే బయటపడ్డాయి" అని రాయడాన్ని అప్పుడే తప్పుపట్టారు. వాటిని కట్టింది మీరు, ఎలా కట్టారో చెప్పాల్సిందీ మీరే.

థీమ్ రాగానే దాన్ని పడగొట్టే మనిషిని మీ డేటాలో వెతకండి. ఇం-07లో ఒకాయన కుర్చీలు రెండు కలిపి హాయిగా పడుకుంటానని చెప్పారనుకోండి. పక్కన పెట్టేయకండి. ఆయన చోట కెమెరా లేదు, రౌండుకి వచ్చేవాళ్లు లేరు. అప్పుడు థీమ్ మారుతుంది: కనిపించే ఏర్పాట్లు నిఘా ఉన్న చోటే. అడ్డొచ్చిన మనిషే వాదనను గట్టి చేశాడు. మొదట్లో రాసి పెట్టిన అరపేజీని ఇప్పుడు తెరవండి. మీ థీమ్‌లన్నీ అందులో ముందే ఉంటే మళ్లీ ట్రాన్‌స్క్రిప్టుల దగ్గరికి వెళ్లండి.

ఎప్పుడు ఆపాలి? ప్రతి ఇంటర్వ్యూ తర్వాత కొత్త కోడ్‌లు ఎన్ని వచ్చాయో ఒక గడిలో వేస్తూ పొండి. వరసగా మూడింటిలో ప్రశ్నకి పనికొచ్చే కొత్త కోడ్ రాకపోతే చాలు. టైము అయిపోయి ఆపితే అదే రాయండి. 'సంతృప్త స్థితి వచ్చింది' (అంటే ఇక కొత్తదేమీ రావడం లేదు) అని అలవాటుగా రాసే వాక్యాన్ని పరీక్షకులు ఇట్టే పట్టేస్తారు.

12. రిపోర్టులో తరచూ దొర్లే తప్పులు

- *శాతాలు.* పదిమందిలో ఆరుగురిని '60 శాతం గార్డులు' అనకండి. "మాట్లాడిన పదిమందిలో ఆరుగురు" అనండి.
- *కోట్ల దండ.* మాట వెంట మాట పేర్చడం విశ్లేషణ కాదు. ప్రతి కోట్‌కీ ముందు ఎందుకు చూపిస్తున్నారో, తర్వాత అందులో ఏం చూడాలో ఉండాలి.
- *ఒక్కరే మాట్లాడడం.* చక్కగా మాట్లాడే ఒకరి మాటలే సగం రిపోర్టు నింపుతాయి. ఇం-01 నుంచి ఇం-10 దాకా ఎవరి కోట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి.
- *పరిమితుల పేరా.* "సమయం చాలలేదు" వద్దు. "పగటి డ్యూటీవాళ్లతో మాట్లాడలేదు, కాబట్టి పోల్చి చెప్పలేను" లాంటిది రాయండి.
- *పేరు మార్చితే చాలనుకోవడం.* పేరు తీసేసినా "ఫలానా భవనంలో పన్నెండేళ్లుగా ఉన్న గార్డు" అంటే తెలిసిపోతుంది. వయసును ఐదేళ్ల పరిధిగా, చోటును రకంగా రాయండి.

చివరిదాన్ని ఇంకొంచెం లోతుగా చూడాలి. ఛాతీ జేబులో ఫోను, గోడకి తిప్పిన కుర్చీ: పేరు లేకపోయినా ఇవి చదివిన సూపర్‌వైజర్ రేపటి నుంచి ఛాతీ జేబులు చూస్తాడు. హాని ఒక్క మనిషికి కాదు, గుంపుకంతటికీ. థీమ్ నిలబడటానికి ఆ వివరం అంత పచ్చిగా అవసరమా అని గైడ్‌తో కూర్చుని తేల్చుకోండి. చాలాసార్లు "చప్పుడు లేని అలారం" అంటే సరిపోతుంది.

13. ఫీల్డ్ నుంచి బయటికి రావడం

చివరిసారి వెళ్లినప్పుడు ఇదే చివరిసారని చెప్పండి. ఫలితాల సారాంశం ఇస్తానని మాట ఇచ్చి ఉంటే, వాడుక భాషలో ఒక పేజీ రాసి, ఇవ్వండి. రిపోర్టు పీడీఎఫ్ పంపితే మాట తీర్చినట్టు కాదు. ఆ పేజీలోనూ ఎవరి మాట ఎవరిదో తెలియకూడదు, వాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు కావచ్చు.

మార్కులు ఖరారయ్యాక, సమ్మతి పత్రంలో రాసిన తేదీకి ఆడియోని, పేర్ల జాబితాని చెరిపేయండి. నకలు పెట్టిన రెండో చోటును మర్చిపోకండి. చాలా ఫోన్లలో 'ఇటీవల తొలగించినవి' ఫోల్డరు చెరిపిన ఫైళ్లను కొన్నాళ్లు దాచి ఉంచుతుంది, అదీ ఖాళీ చేయండి.